ఫ్రెంచ్, జపనీస్ నిదానంగా నేర్చుకోవాలంటే ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీకు నలభై దాటాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలు. మీ తాతగారు యానాంలో ఫ్రెంచి పాలన ఉన్న రోజుల్లో అక్కడి బడిలో చదువుకున్నారు. ఆయన ఫ్రెంచ్‌లో రాసిన ఉత్తరాలు కొన్ని మీ దగ్గరున్నాయి, వాటిని సొంతంగా చదవాలని మీ కోరిక. జపనీస్ మీద ఇష్టం పిల్లలతో కలిసి అనిమే (జపాన్ యానిమేషన్) చూస్తుంటే పుట్టింది. పరీక్షలు, వీసాల గొడవ లేదు. ఇదివరకు గట్టిగా మొదలుపెట్టి మానేశారు కాబట్టి ఈసారి హాయిగా, టెన్షన్ లేకుండా నేర్చుకోవచ్చా, రెండూ ఒకేసారి కుదురుతాయా అని అడిగారు.

కుదురుతాయండీ. నేను పెద్దవాళ్ళకి సాయంత్రం పూట ఫ్రెంచ్ నేర్పుతాను. జపనీస్ నగోయాలో ఉద్యోగం చేసిన రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను. నా బ్యాచ్‌లలో మధ్యలో ఆగిపోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి నెలలో అందరికంటే ఎక్కువ చదివినవాళ్ళే. రోజుకు రెండు గంటలు కూర్చుంటారు, ఆఫీసులో పని పెరిగిన వారం ఆ రెండు గంటలు దొరకవు, ఇక పుస్తకమే తెరవరు. అయితే నిదానం అంటే తీరిక దొరికిన ఆదివారం కూర్చోవడం అనుకుంటే అదీ పని చేయదు. కొన్ని విషయాల్లో నిక్కచ్చిగా ఉండాలి, మిగతావాటిని ఏ బాధా లేకుండా పక్కన పెట్టేయాలి. ఆ పట్టుకోవాల్సినవీ వదిలేయాల్సినవీ ఫ్రెంచ్‌కి వేరు, జపనీస్‌కి వేరు. తెలుగువాళ్ళకి ఈ రెండు భాషలూ తేలికయ్యే చోట్లు పూర్తిగా వేరువేరు కాబట్టి.

ముందు ఒక భయం తీసేస్తాను. అమెరికా విదేశాంగ శాఖకి దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ ఉంది. ఫ్రెంచ్‌కి సుమారు 30 వారాలు, జపనీస్‌కి 88 వారాలు, అంటే దాదాపు 2200 తరగతి గంటలు కావాలని వాళ్ళ లెక్క. జపనీస్ చాలా కష్టం అనేవాళ్ళు ఎక్కువగా ఈ అంకే చూపిస్తారు. కానీ అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం వేసిన లెక్క, అదీ ఉద్యోగంలో పూర్తిగా వాడగలిగే స్థాయికి. మీ మాతృభాష తెలుగు. మీకు కావాల్సింది ఉత్తరాలు చదవడం, అనిమేలో మాట పట్టుకోవడం.

జపనీస్ వాక్యం దాదాపు మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది. విభక్తులు మాట వెనక చేరతాయి. 'గక్కో ని' అంటే బడికి, 'తోక్యో కర' అంటే టోక్యో నుంచి. 'ఇకిమస్' చివర 'క' చేరిస్తే వెళ్తారా అనే ప్రశ్న అయిపోతుంది. 'కినో మిత ఏగ' అంటే నిన్న చూసిన సినిమా, మాటకి మాట అదే వరుస. 'ఇకు తొ ఇత్త' అంటే వెళ్తాను అని చెప్పాడు, మన 'అని' ఉండే చోటే వాళ్ళ 'తొ' ఉంటుంది. 'తబెతె మిరు' అంటే తిని చూడటం, అక్కడ కూడా 'చూడటం' అనే క్రియే వాడతారు. కర్త ఎవరో తెలిసిపోతుంటే మనలాగే వాళ్ళూ చెప్పరు. పైగా మన క్రియలా వాడు వెళ్ళాడు, ఆమె వెళ్ళింది, నేను వెళ్ళాను అంటూ మారదు, అందరికీ ఒకటే రూపం.

మార్కెట్లో దొరికే జపనీస్ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి. క్రియ చివరికి ఎందుకు వెళ్ళింది, విశేషణ వాక్యం నామవాచకానికి ముందు ఎందుకు వచ్చింది అని పేజీలకు పేజీలు వివరిస్తాయి. ఆ పేజీలన్నీ దాటేయండి. ఉదాహరణ వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకుంటే చాలు, నియమం దానంతట అదే కనిపిస్తుంది. మీకు మిగిలే మొదటి పెద్ద సమయం ఇక్కడే. ఇంగ్లీషు మీదుగా జపనీస్ నేర్చుకుంటే రెండుసార్లు వెనక్కి తిరగాల్సి వస్తుంది, తెలుగు మీదుగా అయితే దారి సూటిగా ఉంటుంది.

శబ్దాల్లో కూడా మనకి కలిసొస్తుంది. హ్రస్వం, దీర్ఘం తేడా మనకి పుట్టుకతో వచ్చింది. 'ఒబసాన్' అంటే అత్త లేదా పిన్ని, 'ఒబాసాన్' అంటే నాయనమ్మ. ఇంగ్లీషువాళ్ళు ఈ తేడా వినడానికే నెలలు కష్టపడతారు. అటు, అట్టు తేడా తెలిసిన మనకి 'కితె', 'కిత్తె' తేడా ఒక సమస్యే కాదు, మొదటిది వచ్చి, రెండోది తపాలా బిళ్ళ. వాళ్ళ 'ర' మన 'ర'కి బాగా దగ్గర. 'త్సు' అని రాసే అక్షరం కొత్తగా అనిపిస్తుంది కానీ, చుట్టం అనేటప్పుడు పెద్దవాళ్ళు పలికే దంత్య చకారమే అది. 'చి' దగ్గర తాలవ్యం, 'చు' దగ్గర దంత్యం అనే మన పద్ధతి వాళ్ళ త వరుసలో 'చి', 'త్సు'గా కనిపిస్తుంది.

ఇక జపనీస్‌లో నిక్కచ్చిగా ఉండాల్సింది కానా అక్షరాల దగ్గర, అంటే శబ్దాన్ని రాసే హిరగానా, కతకానా అనే రెండు అక్షరమాలలు. హిరగానా మూల అక్షరాలు 46, కతకానా కూడా 46. రోమన్ అక్షరాల్లో రాసిన జపనీస్ మీద ఒక్క నెల కూడా గడపకండి, అది అలవాటైతే తర్వాత ప్రతి పేజీ బరువే. మన గుణింతంలా 'క'కీ 'కి'కీ రూపంలో పోలిక ఉండదు, ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టాల్సిందే. కానీ వరుస చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల నీడ కనిపిస్తోంది కదా? బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన, సంస్కృతం రాసే సిద్ధం లిపి, సంస్కృత వర్ణక్రమం చదువుల వల్లే ఆ అమరిక వచ్చింది. 'స', 'హ' ఉన్న చోట్ల పాతకాలంలో చ, ప లాంటి ధ్వనులు ఉండేవని భాషావేత్తలు చెబుతారు. ఆ రెండూ అక్కడ పెట్టి చదివితే క, చ, త, న, ప, మ. ఈ వరుస పట్టుకుంటే నిఘంటువు వెతకడం తేలిక.

కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అర్థాన్ని సూచించే అక్షరాల దగ్గర మాత్రం పూర్తిగా నిదానించండి. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడుకకి నిర్ణయించిన జాబితాలో 2136 ఉన్నాయి. అక్కడి పిల్లలు ఒకటో తరగతిలో నేర్చుకునేవి 80 మాత్రమే, మిగతావి తొమ్మిదేళ్ళ బడి చదువులో మెల్లగా వస్తాయి. చేత్తో రాయడం మీకు అక్కర్లేదు. ఫోన్‌లో శబ్దం టైప్ చేస్తే కాంజీ తనే చూపిస్తుంది, మీరు గుర్తుపట్టి ఎంచుకుంటే సరి. విడి కాంజీల జాబితాలు బట్టీ పట్టొద్దు, మాటతో పాటే నేర్చుకోండి. వస్తువుల్ని లెక్కపెట్టే ప్రత్యయాలు బోలెడున్నాయి, సన్నటి పొడుగు వాటికి ఒకటి, పలచటి వాటికి ఇంకొకటి. ప్రస్తుతానికి 'హితొత్సు, ఫుతత్సు' అనే సాధారణ లెక్క పదివరకు, మనుషులకి 'హితొరి, ఫుతరి' చాలు. ఒకటి, రెండు వేరు, ఒకరు, ఇద్దరు వేరు అన్న సంగతి మనకి కొత్త కాదు. అతి మర్యాద రూపాలైన కేగో కూడా తర్వాత చూసుకోవచ్చు.

అనిమే గురించి ఒక మాట. వినడానికి మంచిదే, ఆపకండి. కానీ అక్కడి మాటతీరుని అలాగే నోటికి తెచ్చుకోవద్దు. పాత్రలు 'ఒరె' (నేను), 'ఒమయె' (నువ్వు) అంటూ మాట్లాడేది మన 'ఏరా, ఒరేయ్' స్థాయి భాష. కొత్త మనిషితో అలా మాట్లాడితే నొచ్చుకుంటారు. మీ నోటికి 'దెస్', 'మస్'తో ముగిసే మర్యాద రూపం అలవాటు చేసుకోండి, చెవికి మాత్రం రెండూ పడనివ్వండి.

ఫ్రెంచ్‌కి వస్తే పరిస్థితి తిరగబడుతుంది. వ్యాకరణం మనకి దూరం, పదాలు మాత్రం దగ్గర. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక వేల ఫ్రెంచ్ మాటలు ఇంగ్లీషులో చేరాయి కాబట్టి, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు మొదటిరోజే ఒక ఫ్రెంచ్ పేజీలో చాలా మాటలు పోల్చుకోగలరు. చిక్కంతా ఇక్కడే ఉంది. కంటికి తెలిసిన మాట కాబట్టి ఇంగ్లీషు పద్ధతిలో చదివేస్తాం, అదే మనిషి నోట వింటే ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే ఫ్రెంచ్‌లో నేను పట్టుబట్టేది శబ్దం మీద. మొదటి ఆరు వారాలు వినకుండా ఏదీ చదవొద్దు. పాఠం ఏదైనా ఆడియో ఉండాలి, విని, పైకి అని, అప్పుడు చూడాలి.

ఇక్కడా మన నోరు కొంత సాయం చేస్తుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ టేబుల్‌లో 'ట' అంటాం, కానీ ఫ్రెంచ్‌లో అది పళ్ళకి తగిలే మన 'త', అలాగే 'డ' కాదు 'ద'. క, త, ప లలో ఊపిరి ఒత్తు ఉండదు, అదీ మనకి సహజమే. అనునాసిక స్వరాలకి మన అరసున్న చక్కగా సరిపోతుంది: 'బోఁ' అని రాసుకుంటే మంచి అనే మాట, 'వేఁ' అని రాసుకుంటే వైన్. మనకి లేనివి ముఖ్యంగా రెండు. నాలుకని 'ఈ' దగ్గర ఉంచి పెదవుల్ని 'ఊ'లా గుండ్రంగా చేస్తే వచ్చే స్వరం ఒకటి, గొంతులోంచి వచ్చే 'ర' రెండోది. 'ర' సరిగా రాకపోయినా మాట అర్థమవుతుంది. ఆ స్వరం రాకపోతే మాత్రం 'వీధి', 'చక్రం' అనే మాటలు తారుమారవుతాయి, దాని మీద శ్రద్ధ పెట్టండి.

క్రియలంటే అందరికీ భయం. పుస్తకంలో మాట్లాడటం అనే క్రియకి వర్తమానంలో ఆరు గడుల పట్టిక ఉంటుంది. నోట వినిపించేది అంత లేదు. నేను, నువ్వు, అతను, వాళ్ళు అన్నీ చెవికి 'పార్ల్' ఒక్కటే, చివరి అక్షరాలు పలకరు. మేము అని చెప్పడానికి పుస్తకం 'ను' నేర్పుతుంది, జనం మాటల్లో 'ఓఁ' అంటారు, దానికీ 'పార్ల్' సరిపోతుంది. ఇక మిగిలింది మీరు అనే అర్థంలో 'పార్లే'. అంటే మాట్లాడటానికి రెండు శబ్దాలు వస్తే చాలు. ఫ్రెంచ్ క్రియల్లో చాలా పెద్ద భాగం ఇదే తీరు. తేడాగా నడిచే ఎత్ర్ (ఉండటం), అవ్వార్ (కలిగి ఉండటం), అలే (వెళ్ళటం), ఫేర్ (చేయటం) నాలుగూ మాత్రం నోటికి వచ్చేదాకా వదలొద్దు. కాలాలు మొదటి ఏడాది మూడు చాలు: వర్తమానం, జరిగిపోయినదానికి పాసే కోఁపోజే, జరగబోయేదానికి 'అలే'తో కట్టే తేలిక భవిష్యత్తు. కోరిక, సందేహం లాంటివి చెప్పే సబ్‌జంక్టివ్ రూపం ఎదురైతే అర్థం చేసుకుని ముందుకు వెళ్ళండి.

లింగం విషయంలో బాధపడొద్దు. మనకి బల్లా పుస్తకమూ నపుంసకం, వాళ్ళకి బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. కారణం వెతికితే దొరకదు. మాటని దాని ముందు వచ్చే 'ల' (పుంలింగం), 'లా' (స్త్రీలింగం)తో కలిపే గుర్తుపెట్టుకోండి, తప్పు పడితే పడనివ్వండి, వినేవాళ్ళకి అర్థమవుతుంది. అంకెల్లో 70 నుంచి 99 వరకు ఒకసారి శ్రద్ధగా చేయండి. 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 90 అంటే నాలుగు ఇరవైల పది. బెల్జియం, స్విట్జర్లాండ్‌లో 70కి, 90కి సూటి పేర్లు ఉన్నాయి. ఉత్తరాల్లో సంవత్సరాలు అంకెల్లోనే ఉంటాయి కాబట్టి మీకు ఇది చెవి కోసమే.

ఆ ఉత్తరాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఫ్రెంచ్‌కి అసలైన పాఠ్యపుస్తకం అవే. ఉత్తరానికి మొదలూ చివరా ముందే స్థిరపడిన మాటలు ఉంటాయి. ప్రియమైన అని మొదలవుతుంది, దగ్గరివాళ్ళకైతే ముద్దులతో ముగుస్తుంది, అధికారులకి రాసినదైతే చివర రెండు వరుసల పొడుగు మర్యాద వాక్యం ఉంటుంది. వాటిని ముందు గుర్తుపడితే మధ్య భాగం చిన్నదైపోతుంది. రాసినది 'తు'తోనా 'వూ'తోనా చూడండి, అవి మన నువ్వు, మీరు లాంటివి, ఎవరికి రాశారో దాంతోనే సగం తెలుస్తుంది. సొంత ఉత్తరాల్లో జరిగిన సంగతులు సాధారణంగా పాసే కోఁపోజేలోనే రాస్తారు, నవలల్లో కనిపించే పాసే సేఁప్ల్ కోసం ప్రత్యేకంగా చదవక్కర్లేదు. ఇక చేతిరాత. ఫ్రెంచి బళ్ళలో నేర్పే కలిపిరాతలో కొన్ని అక్షరాల రూపం మనం కాన్వెంట్లో నేర్చుకున్నదానికి తేడాగా ఉంటుంది. అంకె 1కి పైన పొడుగు గీత ఉంటుంది, 7కి నడుమ అడ్డగీత ఉంటుంది, రెండిటినీ కలగలిపేసుకునే ప్రమాదం ఉంది. ఒక ఉత్తరాన్ని స్కాన్ చేసి, పెద్దది చేసి ప్రింట్ తీసుకోండి. అర్థం కాకపోయినా ఒక్కో వరుసనీ అచ్చు అక్షరాల్లో తిరగరాయండి. పది వరుసలయ్యేసరికి ఆయన చేతిరాత మీ కంటికి పడుతుంది.

రెండిటికీ సమయం ఎలా పంచాలి? రోజు మార్చి రోజు చేయొద్దు, ఏదీ నిలవదు. ఒక విడతలో ఒక భాష నేర్చుకుంటూ, రెండోదాన్ని మర్చిపోకుండా చూసుకుంటే చాలు. మీకైతే మొదటి ఆరేడు నెలలు ఫ్రెంచ్ ముఖ్యం, రోజుకు పాతిక నిమిషాలు. జపనీస్‌కి రోజూ ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో కానా, నాలుగైదు మాటలు, ఒక చిన్న వినికిడి. ఇంగ్లీషు తోడు ఉండటం వల్ల ఫ్రెంచ్‌లో చదువు త్వరగా తనంతట తాను సాగే దశకి వస్తుంది. అప్పుడు దాన్ని తేలిక చదువుకి వదిలి జపనీస్‌ని పెద్దది చేయండి. ఫ్రెంచ్, స్పానిష్ కలిపి నేర్చుకునేవాళ్ళకి మాటలు కలిసిపోతుంటాయి. ఈ జంటలో ఆ ఇబ్బంది తక్కువ.

మాటలు గుర్తుండటానికి ఆంకి అనే కార్డుల యాప్ వాడొచ్చు. మర్చిపోయే ముందు మళ్ళీ చూపించే పద్ధతి అది. దానిలో రోజుకు 20 కొత్త కార్డులు అని ముందే పెట్టి ఉంటుంది. అలాగే ఉంచితే కొన్ని వారాలకే రోజూ వందకి పైగా పాత కార్డులు వచ్చి పడతాయి. దాన్ని 5కి తగ్గించండి. ఐదైనా ఏడాదికి 1800 దాటతాయి.

నిదానంగా చదవడానికి జపాన్‌లోనే పుట్టిన మంచి పద్ధతి ఉంది, పేరు తదోకు. నియమాలు సులువు: మరీ తేలికైన పుస్తకంతో మొదలుపెట్టు, నిఘంటువు చూడొద్దు, అర్థం కానిది దాటెయ్, విసుగొస్తే ఆ పుస్తకం వదిలి ఇంకొకటి తీసుకో. బొమ్మలతో ఉన్న మొదటి స్థాయి పుస్తకాలు ఎన్‌పీఓ తదోకు అనే లాభాపేక్ష లేని సంస్థ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాకు దీని మీద చాలా నమ్మకం, ఫ్రెంచ్ విద్యార్థులకి కూడా ఇదే నేర్పుతాను. జపనీస్ పాఠాలకి జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరోదోరి అనే పాఠ్యపుస్తకం పీడీఎఫ్, ఆడియోతో సహా ఉచితం, చాలా బాగుంటుంది. ఫ్రెంచ్ కాస్త వచ్చాక ఫ్రాన్స్ వాళ్ళ ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో తేలిక ఫ్రెంచ్‌లో చదివే పది నిమిషాల వార్తలు వినండి, రాతప్రతి కూడా ఇస్తారు. వింటేనే, చదివితేనే అన్నీ వచ్చేస్తాయని మాత్రం నేను అనను. వారానికి ఒక్కసారైనా నోరు తెరవాలి. ఎవరూ దొరక్కపోతే విన్న పది వాక్యాలు ఆడియోతో పాటే పైకి అనండి. మనిషి ఎదురుగా కావాలనిపిస్తే హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది, ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఈ రెండు భాషలూ నేర్పుతారు.

మధ్యలో ఆగిపోతారు, అది ఖాయం. పిల్లల పరీక్షలు, ఆఫీసులో మార్చి నెల, ఇంట్లో పెళ్ళి. నెల రోజులు పోయిందని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టకండి, ఎక్కువమందిని చంపేది ఆ మొదటి పాఠమే. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరపు మీద చేసి 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, పూర్తిగా మర్చిపోయామనుకున్నది మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదు. కాబట్టి ఆగిన చోటు నుంచి రెండు మూడు పాఠాలు మాత్రమే వెనక్కి వెళ్ళండి. ఆంకిలో పేరుకున్న కార్డుల్ని ఒక్కరోజులో ముగించాలని చూడకుండా రోజుకు ముప్పై అని పరిమితి పెట్టేయండి.

ఈ పద్ధతి సరిపోనివాళ్ళూ ఉన్నారు. ఇది చదివి వాళ్ళు పొరపడకూడదు కాబట్టి రాస్తున్నాను. కెనడాకి వలస వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ కేటగిరీకి వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ వాళ్ళ ఫ్రెంచ్ స్థాయి కొలమానమైన ఎన్‌సీఎల్‌సీలో 7 రావాలి. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి సాధారణంగా జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్4 స్థాయి లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష పాసవ్వాలి. గడువు తేదీ ఉన్నవాళ్ళు క్లాసులో చేరి రోజుకు గంటలు పెట్టాల్సిందే.

మీకు ఎప్పుడైనా సరదాగా ఒక సర్టిఫికెట్ కావాలనిపిస్తే ఫ్రెంచ్‌కి డెల్ఫ్, జపనీస్‌కి జేఎల్‌పీటీ ఎంచుకోండి. కెనడా వలసకి రాసే ఫ్రెంచ్ పరీక్ష టెఫ్ కెనడా ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది, ఈ రెండిటికీ గడువు లేదు. జేఎల్‌పీటీ మన దేశంలో జూలై, డిసెంబరుల్లో జరుగుతుంది, అందులో మాట్లాడటం, రాయడం ఉండవు, అన్నీ గుర్తుపట్టి ఎంచుకునే ప్రశ్నలే. రెండు పరీక్షల్లోనూ కింది స్థాయి రాయకుండా నేరుగా పై స్థాయికి కూర్చోవచ్చు, కాబట్టి జేఎల్‌పీటీలో అన్నిటికంటే కింది స్థాయి అయిన ఎన్5 ఫీజు కట్టే బదులు ఎన్4 వచ్చేదాకా ఆగి రాయండి.